పది తీసెయ్

నర్సమ్మ ఇల్లు కట్టుకుని మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో టేపు మామ ఆ ఇంటి వరండాలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆయన ఆ దారిన వెళ్తుంటే ఆవిడ కుర్చీలోంచే చెయ్యి ఊపి, "రా, టీ తాగు" అని పిలిచేది. ఆయన గేటు దగ్గరే ఆగి, పని ఉందని ఒకసారి, కాళ్ళనిండా ఇసుక ఉందని ఇంకోసారి, ఏదో ఒకటి చెప్పి జారుకునేవాడు.

"నేను ఉంటున్నదే ఇసుకలో. ఇంకొంచెం వస్తే ఏమవుతుంది?" అనేది ఆవిడ.

నర్సమ్మది ఈ దేశం కాదు. ఎక్కడో చలిదేశంలో ఒకే ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి, మోకాళ్ళు అరిగిపోయాక, ఎండా సముద్రమూ ఉన్న చోట మిగతా రోజులు గడుపుదామని వచ్చింది. భాష ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది. మాటలు బాగానే పట్టుబడ్డాయిగాని, ఎవరితో ఎలా మాట్లాడాలో పట్టుబడలేదు. తీరం ఆఫీసులో పెద్దాఫీసరుతో "నువ్వు సంతకం పెట్టు" అంది. ఆయన గుమ్మానికి అడ్డంగా పడుకున్న కుక్కతో మాత్రం "మీరు కొంచెం జరగండి" అంది. ఆ సంగతి ఆ ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారు.

పరాయి దేశంవాళ్ళు ఆ పట్టణంలో సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకోవాలంటే ముందు ఎక్కవలసింది ప్లాన్లమ్మ గుమ్మం. పట్టణ ఆఫీసుకి ఎదురుగా, జిరాక్సు షాపు పైన ఒకే ఒక గది. గోడకి ఒడ్డు మొత్తం పటం, వంచిన దీపం కింద పెద్ద బల్ల, మూలన ఒక స్టూలు. ప్లాన్లమ్మ టేపు మామకి మరదలు, భార్యకి స్వయానా చెల్లెలు. గీయడం ఆవిడ పని, కొలవడం ఆయన పని. ఆ స్టూలు ఆయనది.

నర్సమ్మ మొదటిసారి వచ్చిన రోజు ప్లాన్లమ్మ రూళ్ళన్నీ వరసపెట్టి చెప్పింది.

"ఒడ్డు పొడుగునా హద్దు గుర్తుకి పాతిన గట్టురాళ్ళు ఉంటాయి. రాయి నుంచి రెండు వందల అడుగుల లోపల ఇటుక పెట్టకూడదు. ఇల్లు ఇరవై నాలుగు అడుగుల ఎత్తు దాటకూడదు. దీపాలు సముద్రం వైపు తిరిగి ఉండకూడదు. ఒడ్డున నడిచేవాళ్ళకి మీ కంచె అడ్డం రాకూడదు. మురుగు తొట్టి రోడ్డు వైపే పెట్టాలి. రోడ్డు నుంచి మళ్ళీ ముప్ఫై అడుగులు ఖాళీ."

నర్సమ్మ నోటుబుక్కులో గళ్ళు గీసుకుని అంతా రాసుకుంది. "రెండు వైపులా వదిలేస్తే మధ్యలో ఏం మిగులుతుంది?"

"మధ్యలో మీరు మిగులుతారు."

"నేను కొంచెం లావు," అంది నర్సమ్మ.

మూలన స్టూలు మీద టేపు మామ నవ్వాడు. ప్లాన్లమ్మ నవ్వలేదు. "ఇది సరిగ్గా వినండి. మీరు ఈ దేశం మనిషి కాదు. మీ హక్కంతా ఆ అనుమతి కాగితంలోనే ఉంటుంది. ఇక్కడివాళ్ళు గీత దాటితే గోడ పోతుంది. మీరు దాటితే అనుమతి పోతుంది. అనుమతి పోయిందంటే ఇల్లు మీది కాదు, స్థలమూ మీది కాదు."

"తప్పు నాది కాకపోతే?"

"తప్పు జరక్కుండా చూడటానికే మా బావ ఉన్నాడు."

తర్వాత పదకొండు నెలలు నర్సమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. పట్టణ ఆఫీసువాళ్ళు తీరం ఆఫీసు కాగితం తెమ్మన్నారు. తీరం ఆఫీసువాళ్ళు పట్టణ ఆఫీసు కాగితం ముందు చూపించమన్నారు. విదేశీయుల రిజిస్టరు రాసే గుమాస్తా ఫోటోలో నవ్వుతున్నారు, చెల్లదన్నాడు. "నీ ఆఫీసుకి నాలుగోసారి వచ్చినప్పుడు తీయించుకుని ఉంటే సరిపోయేది," అంది నర్సమ్మ. అన్ని గళ్ళలోనూ టిక్కులు పడేసరికి ఒక్క గడి మిగిలింది: కొలత.

టేపు మామ పదిహేడో ఏట ఒక సర్వేయరు దగ్గర గొలుసు మోసే పనిలో చేరాడు. ఇరవై ఏడో ఏట సొంతంగా లైసెన్సు తెచ్చుకున్నాడు. పెళ్ళయిన మొదటి సంవత్సరమే, ఎంతో ముచ్చటపడి కొన్న టేపు రాళ్ళలో ఇరుక్కుని, ముందున్న ఇత్తడి కొక్కెం, దాంతోపాటు నాలుగడుగులు చిరిగి పోయాయి. కొత్తది కొనే స్తోమత అప్పుడు లేదు. కొసన పట్టుకునేది భార్యే. "పది దగ్గర పట్టుకుంటాను, లెక్కలో తీసేసుకుంటే సరి," అందామె. అలా మొదలయింది. తర్వాత కొత్త టేపులు ఎన్ని వచ్చినా ఆమె పది దగ్గరే పట్టుకుంది. చెయ్యి అలవాటు పడిపోయింది, మార్చనంది.

పని ఇలా జరిగేది. ఆమె గట్టురాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రాయి నెత్తి మీది ఇసుకని అరచేత్తో తుడిచి, అక్కడ చెక్కిన గుర్తు మీద పది అంకెని బొటనవేలితో అదిమిపెట్టేది. ఆయన టేపు లాక్కుంటూ రోడ్డు వైపు నడిచి, ఆగి, బిగించి, అంకె చూసి కేక వేసేవాడు.

"రెండు వందలు."

అలల మీదుగా ఆమె గొంతు వచ్చేది. "పది తీసెయ్."

ఆయన ఇంకో పదడుగులు వెనక్కి నడిచి మేకు దిగ్గొట్టేవాడు.

ముందే రెండు వందల పది దగ్గర ఆగొచ్చు కదా, ఈ కేకలెందుకని ప్లాన్లమ్మ ఎన్నోసార్లు అడిగింది. "అప్పుడు మీ అక్కకి పనేముంటుంది?" అనేవాడాయన. మిగతా వేళల్లో ఆయన్ని ఏమండీ అనే మనిషి, టేపు పట్టుకుంటే మాత్రం నువ్వు అనేది. అంత దూరం మర్యాద చేరదు అనేది. కూరల కొట్టువాడు యాభై అంటే పది తీసెయ్ అనేది. ఎవరైనా తమ వయసు చెప్పినా అదే మాట. కడుపులో గడ్డ ముదిరిపోయిందని, మహా అయితే అరవై రోజులని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆమె డాక్టరు వైపే చూస్తూ "పది తీసెయ్యండి" అంది. డాక్టరుకి అర్థం కాలేదు. టేపు మామ ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వు ఆయన్ని తర్వాత చాలా రోజులు వదల్లేదు. ఆమె తను అన్నంత కూడా ఉండలేదు.

ఆమె పోయాక నెలకి నర్సమ్మ కొలత వచ్చింది. మరదల్ని రమ్మనడానికి ఆయనకి నోరు రాలేదు. ఒక్కడే వెళ్ళాడు. ఏడో నంబరు గట్టురాయి దగ్గర నర్సమ్మ గొడుగు వేసుకుని నిలబడి ఉంది.

"టేపు ఎవరు పట్టుకుంటారు?"

"చూద్దాం. రాయికి కడతాను."

"నేను పట్టుకుంటాను. ముప్ఫై నాలుగేళ్ళు మనుషుల చేతులు పట్టుకున్నాను, టేపు పట్టుకోలేనా?"

పది దగ్గర పట్టుకోమని చూపించాడు. ఆవిడ గొడుగు పక్కన పెట్టి, మోకాళ్ళు నొప్పంటూనే ఇసుకలో కూలబడి, రెండు చేతులతో పది అంకెని గుర్తు మీద అదిమింది. ఆయన నడిచాడు. ఆగాడు. బిగించాడు.

"రెండు వందలు."

అటునుంచి అలలు తప్ప ఇంకేమీ రాలేదు. ఆయన టేపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. దేనికోసం నిలబడ్డాడో కూడా ఆయనకి తెలియలేదు. తర్వాత మేకు దిగ్గొట్టాడు. అవతలి మూల మేకు కూడా అలాగే దిగ్గొట్టి, కాగితం మీద రెండు వందలని రాశాడు. తీరం ఆఫీసులో అప్పటి ఇన్స్పెక్టరు ఆ కాగితం మీద "టేపు మామ కొలిచాడా, ఇంకేం" అని ముద్ర కొట్టాడు. ఎవరూ వచ్చి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా చూడలేదు.

ఆ తర్వాత పది రోజులకి ఇంకో ఇల్లు కొలవవలసి వచ్చింది. ఈసారి కొస పట్టుకోవడానికి ప్లాన్లమ్మ తనే వచ్చింది. ఆయన రెండు వందలని కేక వేశాడు. ప్లాన్లమ్మ ఏమీ అనలేదు. చీర చెంగు గాలికి ఎగరకుండా పట్టుకుని, ఇంకా ఎంతసేపన్నట్టు చూసింది. అప్పుడాయన తనే, ఒడ్డున నడిచేవాళ్ళు తిరిగి చూసేలా "పది తీసెయ్" అని అరిచి, వెనక్కి నడిచాడు. నాలుగో అడుగు దగ్గర ఆగిపోయాడు. నర్సమ్మ స్థలంలో తను వెనక్కి నడిచిన గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే టేపు జేబులో పెట్టుకుని ఆ స్థలానికి వెళ్ళాడు. పునాది తవ్వేశారు. ముందు గోడ మోకాలెత్తు లేచింది. నర్సమ్మ మడత కుర్చీలో కూర్చుని మేస్త్రీ వేసే ఒక్కో ఇటుకనీ చూస్తోంది. "రా, చూడు, నా గోడ," అంది. గొంతులో అంత సంతోషం ఉంటే టేపు బయటికి తీయడం ఆయన వల్ల కాలేదు. రేపు చూద్దామనుకున్నాడు. వారం తర్వాత వెళ్తే గోడ ఛాతీ ఎత్తుంది. ఇంకోసారి వెళ్ళేసరికి పైకప్పుకి చెక్కలు కొడుతున్నారు. వెనక్కి నడిచే ఉంటాను, దుఃఖంలో గుర్తు లేదంతే అని తనకి తనే చెప్పుకున్నాడు. కొలిస్తే తేలిపోతుంది. ముప్ఫై ఐదేళ్ళుగా ఊళ్ళో కనిపించిన ప్రతిదాన్నీ కొలిచిన మనిషి, ఆ ఒక్కటీ కొలవలేదు.

మూడేళ్ళ తర్వాత పెద్ద తుపాను వచ్చింది. గట్టురాళ్ళు కదిలాయేమో చూడమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త ఇన్స్పెక్టరు ఒక అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. చేతిలో మనిషంత కర్ర, దాని నెత్తిన గిన్నె బోర్లించినట్టు ఒక మిషను. అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ అక్కర్లేదు. రాయి మీద కర్ర పెట్టింది, నర్సమ్మ వరండా గోడ దగ్గర కర్ర పెట్టింది, చేతిలో ఉన్న దాని మీద అంకె చూసింది. మళ్ళీ మొదటినుంచి కొలిచింది. రాయి కదల్లేదు. నూట తొంభై.

నోటీసు వచ్చిన రోజున నర్సమ్మ దాన్ని పట్టుకుని ప్లాన్లమ్మ మెట్లెక్కింది. మెట్టు మెట్టుకీ ఆగి ఆగి వచ్చింది. పదిహేను రోజుల్లో విచారణ. గీత దాటి కట్టినందుకు అనుమతి ఎందుకు రద్దు చేయకూడదో చెప్పుకోవాలి.

"ఇది తప్పు కదా," అంది నర్సమ్మ. "నువ్వు కొలిచావు. నేను పట్టుకున్నాను. రెండు వందలు."

టేపు మామ స్టూలు మీద కూర్చుని నోటీసు చదివాడు. ఆయనకి ఆశ్చర్యం కలగలేదు. అది ప్లాన్లమ్మ చూసింది. నర్సమ్మ మెట్లు దిగి వెళ్ళేదాకా ఆగి తలుపు మూసింది.

"పది మర్చిపోయావు," అంది.

ఆయన తలూపాడు.

"అక్క లేదు. అందుకే." ఆవిడ కాసేపు బల్ల మీది పెన్సిళ్ళు ఒక వరసలో పెట్టింది. "సరే విను. మేకులు నువ్వు సరిగ్గానే కొట్టావు. సముద్రం ఇంకా బాగా కనపడాలని మేస్త్రీ ముందుకి జరిపాడు. వాడు పనికోసం ఏ దేశం పోయాడో వాడి పెళ్ళానికే తెలియదు. వాణ్ణి ఎవరూ పిలిచి అడగలేరు."

"జరిపించింది యజమానేనంటారు. మేస్త్రీ ఆవిడ మనిషి."

"అది ఆవిడ తేల్చుకుంటుంది. అనుమతి పోతే వాళ్ళ దేశం వెళ్ళిపోతుంది, బావా. మనం ఎక్కడికి పోతాం? ప్లాను మీద సంతకం నాది. ఈ గది అద్దె నా సంతకం మీదే నడుస్తోంది. నువ్వు నోరు తెరవకు. నన్ను మాట్లాడనివ్వు."

మేస్త్రీ కాదని, వాడు మేకుకి దారం కట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా గోడ లేపాడని ఆయనకి తెలుసు. ఆ మాట అనలేదు. మూడేళ్ళ అనుమానం సంగతి కూడా అనలేదు. ఇంటికి నడిచి వెళ్తుంటే నర్సమ్మ ఇంటి దారి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళాడు.

విచారణ తీరం ఆఫీసులో, పొడుగు బల్ల ఉన్న గదిలో జరిగింది. బల్లకి అటు పెద్దాఫీసరు, ఇన్స్పెక్టరమ్మాయి, రాసుకునే గుమాస్తా. ఇటు వాళ్ళు ముగ్గురు. నర్సమ్మ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుంది, పాత డ్యూటీ రోజుల్లో లాగా. నోటుబుక్కు తెచ్చుకుంది. అన్ని టిక్కులూ ఉన్న పేజీ ముందే తెరిచి పెట్టుకుంది.

ప్లాన్లమ్మ మేస్త్రీ సంగతి చెప్పింది. బాగానే చెప్పింది. పెద్దాఫీసరు గడ్డం గోక్కుని, "మేస్త్రీని తీసుకురాగలరా?" అన్నాడు.

"దేశంలో లేడండి."

"అందరి మేస్త్రీలూ విచారణప్పుడు దేశంలో ఉండరు," అన్నాడు పెద్దాఫీసరు. గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు.

అప్పుడు నర్సమ్మ బల్ల పట్టుకుని లేచింది. "మేస్త్రీ మంచివాడు. వాడు జరపలేదు. నేను రోజూ అక్కడే కూర్చున్నాను, చూశాను." ఆవిడ నోటుబుక్కు పక్కకి జరిపింది. "టేపు కొస నేను పట్టుకున్నాను. నాకు అలవాటు లేదు. ఆ రోజు మోకాలు బాగా నొప్పిగా ఉంది. నా చెయ్యి జారిందేమో. పది రోజుల్నుంచి అదే ఆలోచిస్తున్నాను. తప్పు ఈయనది కాదు. నాదేమో."

ప్లాన్లమ్మ నేల వైపు చూస్తోంది.

"అలా రాసుకోమంటారా?" అన్నాడు పెద్దాఫీసరు మెల్లగా. "రాస్తే యజమాని తప్పే అవుతుంది. అది తెలిసే అంటున్నారా?"

"జారితే జారిందనాలి కదా," అంది నర్సమ్మ.

గుమాస్తా కలం తీశాడు.

"ఆవిడ చెయ్యి జారలేదండీ," అన్నాడు టేపు మామ.

ప్లాన్లమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, ఆ చెయ్యి అలా ఉండగానే మాట్లాడాడు. పది దగ్గర పట్టుకోమన్నది తనేనని, ఆవిడ ఎంత చెబితే అంతే పట్టుకుందని, పది కలిపి వెనక్కి జరగవలసింది తనేనని, జరగలేదని చెప్పాడు. కొక్కెం పోయిన టేపు సంగతి చెప్పాడు. భార్య సంగతి ఒక్క ముక్కలో చెప్పాడు. "ఎప్పుడూ గుర్తు చేసే మనిషి అప్పుడు లేదండీ," అన్నాడు. పెద్దాఫీసరు ముఖం మెత్తబడింది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేదేమో. ఇన్స్పెక్టరమ్మాయి ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఈ పొరపాటు మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

నోటీసు వచ్చాక, అనొచ్చు. ప్లాన్లమ్మ వేళ్ళు మోచేతి మీద బిగిశాయి.

"తెలిసింది నోటీసుతోనే," అన్నాడు టేపు మామ. "అనుమానం మాత్రం పది రోజులకే వచ్చింది. అప్పటికి గోడ మోకాలెత్తే ఉంది. టేపు తీసుకుని వెళ్ళాను. మూడు సార్లు వెళ్ళాను. కొలవలేదు."

"ఎందుకు కొలవలేదు?"

"కొలిస్తే ఆ తప్పు ఉంటుంది కదండీ," అన్నాడాయన.

నర్సమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆయన వైపు తిరిగి చూసింది, రోగం ఎన్నాళ్ళనుంచి ఉందో దాచిపెట్టిన మనిషిని చూసినట్టు. తర్వాత కూర్చుని నోటుబుక్కు మూసేసింది.

వారానికి ఉత్తర్వు వచ్చింది. తప్పు యజమానిది కాదు కాబట్టి అనుమతి ఉంటుంది. గీత దాటిన భాగం అరవై రోజుల్లో తీసెయ్యాలి. టేపు మామ లైసెన్సు రద్దు. ప్లాన్లమ్మ సంతకం ఏడాదిపాటు చెల్లదు. నర్సమ్మ ఇంటి తర్వాత ఆయన కొలిచిన పదకొండు ఇళ్ళూ మిషనుతో మళ్ళీ కొలవాలి.

ఉత్తర్వు అందుకుని వస్తుంటే ఆఫీసు మెట్ల మీదే ప్లాన్లమ్మ ఆయన్ని నిలదీసింది. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి గొంతు పెంచలేదు.

"మర్చిపోయానన్నావు, బాగుంది. పెద్దాఫీసరు కరిగాడు కూడా. మూడేళ్ళ మాట ఎవరడిగారు?"

"ఆ అమ్మాయి అడిగింది."

"తెలిసింది ఎప్పుడని అడిగింది. అనుమానం ఎప్పుడని అడగలేదు. అనుమానానికి లైసెన్సు పోగొట్టుకున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను." ఆవిడ రెండు మెట్లు దిగి ఆగింది. "పోనీ నాకు చెప్పొచ్చుగా, బావా. ఆ రోజే. మోకాలెత్తు గోడ ఎంతసేపు తీసెయ్యడానికి? అసలు ఆ రోజు నన్ను రమ్మని ఉంటే నేనే పట్టుకునేదాన్ని కదా."

"నువ్వొస్తే మీ అక్క లేదని ఖాయమయిపోతుంది అనుకున్నాను."

ప్లాన్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత జిరాక్సు షాపు వైపు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే గది బయట ఉన్న బోర్డు తీసి గోడకి ఆనించి, వెనక్కి తిప్పి పెట్టింది. చాలా వారాలు ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు.

పదడుగులు తీసెయ్యాలంటే పదడుగులే పోవు. వరండా, దాని వెనక గోడ, ఆ గోడ మీద ఆనుకున్న దూలాలు, దూలాల కింద ముందు గది, అన్నీ మధ్యగోడ దాకా పోవాలి. వెనక్కి జరుపుకుందామంటే రోడ్డు వైపు ముప్ఫై అడుగుల రూలు. నర్సమ్మకి మిగిలేది వంటిల్లు, చిన్న పడక గది. పడక గదికి ఉన్న ఒక్క కిటికీ రోడ్డు వైపు.

పడగొట్టడం రెండు రోజుల్లో అయిపోయింది. కూలీలు ఇటుకలు కుప్పగా పోసి వెళ్ళిపోయారు. మూడో రోజు పొద్దున టేపు మామ ఒక తాపీ, చిన్న సుత్తి పట్టుకుని వచ్చి, కుప్ప పక్కన కూర్చుని, ఇటుకలకి అంటుకున్న సిమెంటు గీకడం మొదలుపెట్టాడు. గీకినవాటిని గోడవారగా పేర్చాడు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. నర్సమ్మ మధ్యగోడకి ఉన్న తలుపు తెరిచి చూసింది. ఆ తలుపొక్కటే ఇప్పుడు సముద్రం వైపు. చూసి మళ్ళీ మూసుకుంది. టీ తాగమని పిలవలేదు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అరచేతులు పగిలాయి. గుడ్డ చుట్టుకుని గీకాడు. వరండా గచ్చు ఉన్న చోట లేతరంగు ఇసుక పొడుగ్గా, చాప పరిచినట్టు కనిపించేది. ఆయన దాని మీద కూర్చోకుండా పక్కన కూర్చునేవాడు.

అయిదో రోజున ఇన్స్పెక్టరమ్మాయి కర్ర భుజాన వేసుకుని అటుగా వచ్చింది. కాసేపు నిలబడి, "మిగతా పదకొండూ కొలిచేశామండీ," అంది. "అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంగుళం తేడా లేదు." ఆ మాట వినడానికే ఆయన రోజూ వస్తున్నాడేమో అన్నట్టు చూసింది.

టేపు మామ చేతిలో ఇటుక తిప్పి, రెండో వైపు గీకడం మొదలుపెట్టాడు. "ఇది కూడా సరిగ్గానే ఉందనుకున్నాంగదమ్మా," అన్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నానికి కుప్ప అయిపోయింది. గోడవారగా ఇటుకలు నడుమెత్తు వరసగా నిలబడ్డాయి. వాటితో ఏం చెయ్యాలో ఆయన ఆలోచించలేదు. తలుపు తెరుచుకుంది. నర్సమ్మ బయటికి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, ఆ వరసని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

"నాకు ఇటుకలు అక్కర్లేదు," అంది. "నేను ఇంక కట్టను."

"అమ్ముకోవచ్చండి. మంచివే."

"ఆ రోజు గోడ నా మోకాలి దాకా ఉంది. నేను కుర్చీలో కూర్చుని నిన్ను పిలిచాను. నీ జేబులో టేపు ఉంది."

"ఉందండి."

"నేను ఆసుపత్రిలో చాలామందికి చెప్పాను. మొదట్లోనే చెప్పి ఉంటే చిన్న కోతతో పోయేదని. చెప్పి, వాళ్ళ చెయ్యి పట్టుకునేదాన్ని." ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. "మీ చెయ్యి పట్టుకోవాలని నాకు లేదు. రేపట్నుంచి రావద్దు."

ఆయన సరేనన్నాడు. తాపీ, సుత్తి గుడ్డలో చుట్టుకున్నాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది, పగటిపూట ఎప్పుడూ వెయ్యని గడియ.

ఇంటికి పోవాలంటే రోడ్డు దారి దగ్గర. టేపు మామ సముద్రం వైపు నడిచాడు. రెండు వందల అడుగులు వదలవలసింది పోయి తను ఎక్కడ ఆగాడో, ఆ మేకు చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది, దాని మీదుగానే నడిచాడు. ఏడో నంబరు రాయి సగం ఇసుకలో కూరుకుని ఉంది. తుపాను దాని చుట్టూ ఇసుక తెచ్చి పోసింది, నెత్తి మీది గుర్తు కనపడటం లేదు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, పగిలిన అరచేత్తో రాయి నెత్తి తుడిచాడు. గుర్తు బయటపడింది. దాని మీద బొటనవేలు పెట్టి, ఇంటి వైపు తిరిగి చూశాడు. మధ్యగోడ, మూసిన తలుపు, పక్కన ఇటుకల వరస కనిపించాయి. చాలా దూరంగా ఉన్నాయి. ఇక్కడ్నుంచి చూస్తే అంకె చెప్పేవాడి ముఖం కనపడదని, గొంతు మాత్రమే వినపడుతుందని ఆయనకి అప్పుడు తెలిసింది. ముప్ఫై ఏళ్ళలో ఈ కొసన ఎప్పుడూ కూర్చోలేదు.

అల వచ్చి వెళ్ళింది. గాలికి ఇసుక మళ్ళీ గుర్తు మీదికి చేరుతుంటే, ఇంకోసారి తుడిచి, లేచి ఇంటికి వెళ్ళాడు.